ఆఫీసయ్యాక మిగిలే గంట

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఫైనలియర్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ప్యాకేజీ ఎంతన్నా? బాండ్ ఉందా? ట్రైనింగ్ ఎన్ని నెలలు? హైదరాబాదేనా, బయటికి పంపుతరా? ఇవన్నీ అడగాల్సినవే. కానీ "సాయంత్రం ఇంటికి ఎన్నింటికి చేరుకుంటారు?" అని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆఫర్ లెటర్‌లో ఎక్కడా కనబడని లెక్క అది. ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచి మీరు చదువుతారా, రాస్తారా, పాడతారా, అన్నీ మానేస్తారా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మన సాహిత్య క్లబ్బు సంగతే తీసుకోండి. కాలేజీలో ఉన్న నాలుగేళ్ళూ కథలు, కవితలు, పద్యాలు రాసి ఈ పత్రిక నింపినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి వాళ్ళలో ఎంతమంది రాస్తున్నారో చూడండి. మా బ్యాచ్‌లో ఇద్దరం మిగిలాం. మిగతావాళ్ళకి ఇష్టం పోయిందంటే నేను నమ్మను. వాళ్ళకి పోయింది సాయంత్రం.

అందుకే ఈ వ్యాసం. "సమయాన్ని సద్వినియోగం చేసుకోండి" అనే ఉపన్యాసం మనం హైస్కూల్ నుంచీ వింటూనే ఉన్నాం, దాన్ని మళ్ళీ చెప్పను. నేను గమనించింది ఒకటే. సాయంత్రాలను నిలబెట్టుకున్నవాళ్ళు మనకంటే పట్టుదల ఉన్నవాళ్ళేమీ కాదు. వాళ్ళు గంటకు సరిపోయే కొలతలో పని ఎంచుకున్నారు. ఆ పని కోసం ఎదురుచూసే మనిషి ఒకరుండేలా చూసుకున్నారు. ఇంట్లో ఆ గంటకి చోటు సంపాదించుకున్నారు. ఈ మూడింటి గురించే ఇక్కడ వివరిస్తాను.

ముందు లెక్క చూద్దాం

నేనుండేది మీర్‌పేట్‌లో. ఆఫీసు రాయదుర్గం వైపు. ఆరున్నరకి సీట్లోంచి లేస్తే మెట్రో ఎక్కేసరికి ఆరూ యాభై అవుతుంది. అమీర్‌పేట్‌లో దిగి, మెట్లు దిగి ఎక్కి, రెండో లైను పట్టుకునేసరికి ఏడుంబావు. ఎల్బీనగర్‌లో బయటపడేసరికి ఎనిమిది. అక్కణ్ణుంచి బస్సో షేర్ ఆటోనో దొరికి ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నర. స్నానం, భోజనం, ఇంటి పనులు, అమ్మానాన్నలతో నాలుగు మాటలు. తొమ్మిదిన్నర. పదకొండుకి పడుకోవాలి, లేకపోతే మర్నాడు పని చెడుతుంది. అంటే మిగిలింది గంటన్నర. అందులో ఒక అరగంట ఏదో ఒకటి మింగేస్తుంది అనుకుందాం. చివరికి చేతిలో ఒక గంట.

ఆదిభట్ల వైపు పనిచేసేవాళ్ళకి ఇంకో గంట కలిసొస్తుంది. అమెరికా వాళ్ళతో పనిచేసేవాళ్ళది ఇంకో కథ. అక్కడ తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాల్ మొదలయ్యేదే అప్పుడు. అలాంటివాళ్ళకి సాయంత్రం అనేది పొద్దున వస్తుంది. ఎప్పుడొచ్చినా సరే, ఈ వ్యాసంలో సాయంత్రం అంటే జీతం కోసం పనిచేసే సమయం అయిపోయాక, ఒళ్ళు నిద్రకి లొంగకముందు మిగిలే ఆ కాస్త సమయం.

ఒక్క గంటే కదా అనిపిస్తుంది. వారానికి 5 రోజులు, సెలవులూ పండగలూ తీసేసి ఏడాదికి 48 వారాలు వేసుకోండి. 240 గంటలు. మన కాలేజీ లెక్కలోకి మార్చి చూడండి. వారానికి 4 క్లాసుల చొప్పున 16 వారాల సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టుకి వచ్చేవి 64 గంటలు. అంటే ఏడాది సాయంత్రాల్లో దాదాపు నాలుగు సబ్జెక్టుల క్లాసులు ఇమిడి ఉన్నాయి. సగం సాయంత్రాలు జ్వరాలకీ, పెళ్ళిళ్ళకీ, రిలీజ్‌లకీ, వాన పడి మునిగిన రోడ్లకీ పోయినా రెండు సబ్జెక్టులు మిగులుతాయి.

ఈ గంట ఎవరిచ్చారు?

సాయంత్రం ప్రకృతి ఇచ్చిందని అనుకుంటాం. పొద్దుగుంకడం వరకే ప్రకృతి పని. పొద్దుగుంకాక మనిషి ఇంట్లో ఉండడం అనేది చట్టంతో వచ్చింది.

మన దేశంలో 1911 ఫ్యాక్టరీల చట్టం బట్టల మిల్లుల్లో పెద్దవాళ్ళ పనిని రోజుకు 12 గంటలకి పరిమితం చేసింది. అంటే అంతకుముందు అంతకన్నా ఎక్కువే చేయించుకునేవారు. 1922లో వారానికి 60 గంటలన్నారు. 1934 చట్టంతో అది 54 అయింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేద్కర్ 1946లో ప్రవేశపెట్టిన సవరణతో 48కి దిగింది. స్వతంత్రం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48, రోజుకి 9 గంటలనే నిలబెట్టింది. ప్రపంచం మొత్తం మీద ఎనిమిది గంటల పని కోసం జరిగిన పోరాటాల్లో 1886 మే నెల చికాగో సంగతి మీకు తెలిసిందే. అప్పటి కార్మికుల డిమాండ్‌లో ఎనిమిది గంటల పనితో పాటు ఎనిమిది గంటల విశ్రాంతి, ఇంకో ఎనిమిది గంటలు తమ ఇష్టానికి కావాలని ఉండేది. మూడోదే మన సాయంత్రం.

ఆ మూడో వాటా ఒకసారి వచ్చింది కాబట్టి ఎప్పటికీ ఉంటుందనే భరోసా లేదు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు మాత్రం ఉంచింది. ఇది మంచా చెడా అన్న వాదన పక్కనపెడితే, రోజులో రెండు గంటలు అటూ ఇటూ అయితే ముందు తగ్గేది సాయంత్రమే. లాగిన్, లాగౌట్ వేళలు, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రమ్మంటారు, అర్ధరాత్రి కాల్స్ ఉంటాయా అని ఇంటర్వ్యూ చివర్లో అడగడానికి మొహమాటపడకండి. మీ ప్యాకేజీలో అదీ భాగమే.

గిడుగువారి నలభై ఏళ్ళు

ఉద్యోగం చేసుకుంటూ పెద్ద పని సాధించినవాళ్ళు అనగానే విదేశీ పేర్లే గుర్తొస్తాయి. మనకి దగ్గర్లోనే గిడుగు రామమూర్తి పంతులు ఉన్నారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజు నాడే. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆయన రెండో పని గురించి తక్కువమంది మాట్లాడతారు.

1880లో ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ళ భాషకి లిపి లేదు, పుస్తకం లేదు. ఆ భాష నేర్చుకోవాలని ఆయనకి అనిపించింది. నేర్పే క్లాసు లేదు, చూసుకోవడానికి నిఘంటువు లేదు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, బడి పని పోగా మిగిలిన సమయంలో మాట తర్వాత మాట నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని సొంత ఖర్చుతో ప్రయత్నాలు చేశారు. 1911లో ఉద్యోగం నుంచి విరమించారు. సవర భాష మీద ఆయన రాసిన ఇంగ్లిష్ వ్యాకరణ గ్రంథం 1931లో వచ్చింది. సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చింది. 1940లో ఆయన కన్నుమూశారు.

మొదలుపెట్టిన 1890ల నుంచి నిఘంటువు దాకా నలభై ఏళ్ళకి పైనే. ఇది చదివి "మనవల్ల ఎక్కడవుతుంది" అనుకోకండి. నేను దీన్ని తిరగేసి చూస్తాను. నిఘంటువు అనేది ఒక్కో రోజు ఒక్కో మాటగా చేయగలిగిన పని. ఈ రోజు నాలుగు మాటలు రాసుకుని ఆపేస్తే, రేపు ఐదో మాట దగ్గర ఎత్తుకోవచ్చు. మధ్యలో పది రోజులు ఆగినా రాసింది పాడైపోదు. అంతేకాదు, ఆయనకి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి కూర్చుని చెబుతుంటే "ఇవాళ మూడ్ లేదు" అనడం కష్టం. గంటకి సరిపోయే కొలత, ఎదురుచూసే మనిషి, రెండూ అందులో ఉన్నాయి.

మెట్రో దారిలో రెండు అడ్రసులు

అమీర్‌పేట్ నుంచి ఎల్బీనగర్ వచ్చే దారిలో రోజూ దాటే రెండు స్టేషన్ల దగ్గర మన నగరం సాయంత్రాల చరిత్ర ఉంది.

ఒకటి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్. అక్కడికి దగ్గర్లో సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివాళ్ళు పూనుకుని పెట్టారు. నిజాం రాజ్యంలో పరిపాలన ఉర్దూలో నడిచే రోజులవి. తెలుగు పుస్తకం, తెలుగు పేపరు ఒకచోట దొరకడమే అప్పట్లో పెద్ద విషయం. పని ముగించుకున్న మనిషి వెళ్ళి కూర్చోవడానికి ఒక బెంచీ, ఒక దీపం, నలుగురు సాటివాళ్ళు ఉండే చోటు గ్రంథాలయం. ఇంట్లో చదవలేనివాళ్ళు అక్కడ చదువుతారు. ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా చదువుతుంటారు. ఇంట్లో మంచం, టీవీ, ఫోను ఉంటాయి. ఒక్కోసారి సాయంత్రానికి కావాల్సింది పట్టుదల కాదు, ఇంకో కుర్చీ.

రెండోది ఖైరతాబాద్ స్టేషన్. అక్కడ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళ విశ్వేశ్వరయ్య భవన్ ఉంది. 1920లో మొదలైన ఆ సంస్థ నడిపే ఏఎంఐఈ పరీక్షల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి. డిప్లొమాతో ఉద్యోగంలో చేరినవాళ్ళు పగలు డ్యూటీ చేసి, రాత్రి పుస్తకాలు ముందేసుకుని, సెక్షన్ ఏ, సెక్షన్ బీ పరీక్షలు ఒక్కో పేపర్ చొప్పున రాస్తూ ఇంజనీర్లయ్యారు. నాలుగేళ్ళు ఉద్యోగం మానేసి కాలేజీకి వెళ్ళే స్తోమత లేనివాళ్ళకి అది ఒక దారి. మనం నాలుగేళ్ళు పగలంతా కూర్చుని తీసుకున్న డిగ్రీని వాళ్ళు ముక్కలు ముక్కలుగా సాయంత్రాల్లో కూడబెట్టారు.

అదే ఆలోచన మీద 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే తర్వాత ఇగ్నోకి కూడా తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. పాఠాలు ఇంటికి పుస్తకంగా రావడం, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లో క్లాసులు జరగడం, పగలు పనిచేసుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని అల్లిన పద్ధతి. ఇప్పుడు ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు కూడా అలాగే ఉంటాయి. వారానికి కొన్ని వీడియోలు, ఒక అసైన్‌మెంటు, దానికో గడువు. ఎనిమిది, పన్నెండు వారాలకి ఒక కోర్సు. వీడియోలన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని "తీరిగ్గా చూద్దాం" అనుకున్నవాళ్ళకంటే, అసైన్‌మెంటు గడువుకి తలొంచినవాళ్ళే కోర్సు ముగిస్తారు. కారణం మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది.

ఇంజనీర్లు రాసిన విజ్ఞాన సర్వస్వం

చదువు సరే, సాహిత్య క్లబ్బు వాళ్ళకి ఏం చెబుతావు అంటారా? ఈ తరం తెలుగులో ఉద్యోగస్తుల సాయంత్రాలతో నిలబడ్డ పనులు చాలా ఉన్నాయి. 1998లో మొదలైన 'ఈమాట' పత్రికని అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. ఇంకా పెద్దది తెలుగు వికీపీడియా.

తెవికీ 2003 డిసెంబరులో మొదలైంది. దానికి పూనుకున్నది వెన్న నాగార్జున. పాత తెలుగు ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' కూడా ఆయన తయారుచేసిందే. అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడమే ఒక గండం. మీ ఫోన్‌లో ఇవాళ తెలుగు కీబోర్డు ఉంది కాబట్టి ఆ కష్టం ఊహకి అందదు. మొదట్లో వ్యాసాలు నత్తనడకన పెరిగాయి. తర్వాత టైపింగ్ పరికరాలు వచ్చాయి, బ్లాగులు రాసేవాళ్ళు వచ్చారు, ఒకరినొకరు పిలుచుకున్నారు. ఇప్పుడు వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. రాసినవాళ్ళలో సాఫ్ట్‌వేర్ వాళ్ళున్నారు, టీచర్లున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. ఎవరికీ జీతం లేదు.

అందులో ఒకరి సంగతి చెబుతాను. రంగస్థల పరిశోధకుడు ప్రణయ్‌రాజ్ వంగరి 2016 సెప్టెంబరు 8న రోజుకో వ్యాసం రాయాలని మొదలుపెట్టారు. 2019 జూన్ 4 నాటికి వరసగా 1000 రోజులు, 1000 వ్యాసాలు. పండగలు, ప్రయాణాలు, ఒంట్లో బాగాలేని రోజులు అన్నీ ఆ వెయ్యిలోనే ఉండి ఉంటాయి కదా. 'మంచి వ్యాసం రాయాలి' అనుకుంటే అంత సాగేది కాదని నా అనుమానం. 'ఇవాళ్టి వ్యాసం రాయాలి' అనుకుంటే సాగుతుంది.

అందరం వెయ్యి రోజులు చేయలేం. చేయక్కర్లేదు కూడా. నేను చేసేది ఇంకా చిన్న పని. వికీపీడియాకి తోబుట్టువు లాంటిది తెలుగు వికీసోర్స్. కాపీహక్కులు తీరిపోయిన పాత పుస్తకాల స్కానింగ్ ప్రతులు అందులో ఉంటాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. ఉదాహరణకి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు. కాబట్టి 2014 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి.

స్కాన్ చేసిన పుస్తకం మనిషికి అక్షరం, కంప్యూటర్‌కి బొమ్మ. ఓసీఆర్ దాన్ని అక్షరాల్లోకి మారుస్తుంది. కానీ తెలుగు దగ్గర తడబడుతుంది. వత్తులు ఎగిరిపోతాయి, 'ద'కీ 'ధ'కీ తేడా పోతుంది, పాత అచ్చులో అరసున్న ఏదో చుక్కయిపోతుంది. ఎడమ పక్క పాఠం, కుడి పక్క స్కాన్ బొమ్మ పెట్టుకుని ఒక్కో పంక్తి సరిచూడాలి. ముట్టుకోని పేజీ ఎరుపు రంగులో ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు అవుతుంది. రెండో మనిషి మళ్ళీ చూసి సరే అంటే ఆకుపచ్చ అవుతుంది. మీరు ఎంత గొప్పవారైనా మీ పేజీని మీరే ఆకుపచ్చ చేసుకోలేరు.

నాకు ఒక పేజీకి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. గంటలో మూడు పేజీలు. సగం సాయంత్రాలు పోయినా ఏడాదికి 360 పేజీలు, అంటే ఒక నిండైన పుస్తకం. పనంతా అయ్యాక ఆ పుస్తకంలోని ఒక మాటని ఎవరైనా గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది. అంతకుముందు దొరకదు. అలసిపోయిన బుర్రకి ఈ పని సరిగ్గా సరిపోతుంది. కొత్తగా ఏదీ సృష్టించక్కర్లేదు, కళ్ళు తెరుచుకుని ఉంటే చాలు. పైగా పాతకాలం వచనాన్ని అక్షరం అక్షరం చదవడం వల్ల వాక్యం ఎలా కట్టాలో వద్దన్నా తెలుస్తుంది. కథలు రాసేవాళ్ళకి ఇంతకంటే చవకైన ట్యూషన్ ఉండదు.

ఇంట్లో ఎవరి సాయంత్రం?

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఒక పెద్ద లోపం ఉంది. "భోజనం చేసేసరికి తొమ్మిదిన్నర" అని రాశాను కదా. ఆ భోజనం ఎవరు వండారు?

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా ఎవరు రోజు ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనుల్లో పాలుపంచుకునే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉంటున్నట్టు అప్పుడు తేలింది. పాలుపంచుకునే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఇంటి పని ముట్టుకునే మగవాళ్ళే నూటికి 26 మంది. ఆడవాళ్ళయితే 81 మంది. అంటే ఇదే మెట్రోలో, ఇదే వేళకి, ఇదే జీతానికి పనిచేసి వచ్చిన ఒక అక్కకి ఇల్లు చేరగానే రెండో షిఫ్ట్ మొదలవుతోంది. ఆమె చేతిలో మిగిలే గంట నా చేతిలో మిగిలే గంటతో సమానం కాదు. ఉద్యోగం చేయని అమ్మలకైతే షిఫ్ట్ మారదు కూడా. మన ఇళ్ళలో సాయంత్రమే వంటగది ఎక్కువ బిజీ.

మా క్లబ్బులో బాగా రాసేవాళ్ళలో సగానికి పైగా అమ్మాయిలే. ఉద్యోగం, పెళ్ళి అయ్యాక వాళ్ళ పేర్లు కనబడకపోవడానికి ఈ నిమిషాల లెక్కే ముఖ్య కారణమని నా అభిప్రాయం. "నువ్వు కూడా రాయొచ్చు కదా" అని మెచ్చుకోలు మెసేజ్ పెట్టడం తేలిక. గిన్నెలు కడగడం కొంచెం కష్టం, కానీ దానివల్లే గంట పుడుతుంది. తమ్ముళ్ళూ, మీకు సాయంత్రం పూట ఏదైనా పని పెట్టుకోవాలనుంటే ముందు ఇంట్లో ఒక పూట వంటో, గిన్నెలో, బట్టలు మడతపెట్టడమో మీ పేరున రాసుకోండి. అప్పుడు "ఈ గంట నన్ను కదిలించొద్దు" అనే హక్కు వస్తుంది. అదే గంట ఇంకొకరికీ ఇవ్వాలన్న గుర్తూ ఉంటుంది. చెల్లెళ్ళూ, మొదటి జీతం వచ్చిన నెలలోనే ఈ పంపకం మాట్లాడుకోండి. అలవాటు గట్టిపడ్డాక మార్చడం కష్టం.

ఏమీ చేయని సాయంత్రం

ప్రతి సాయంత్రమూ రెజ్యూమెలో ఒక లైను కావాలా? అక్కర్లేదు. మా మీర్‌పేట్‌లో పెద్ద చెరువు, మంత్రాల చెరువు, సంద చెరువు ఉన్నాయి. కట్ట మీద ఊరికే నడిచి, తెలిసినవాళ్ళు కనబడితే నిలబడి మాట్లాడి, మిర్చి బజ్జీ తిని ఇంటికొస్తే అది వృథా అయిన సాయంత్రం కాదు. ఎనిమిది గంటలు "మా ఇష్టానికి" కావాలని అడిగిన కార్మికులు ఆ ఎనిమిదిలోనూ ఉత్పత్తి చేస్తామని మాటివ్వలేదు.

నేను చూసుకునే తేడా ఒకటే. కట్ట మీదికి నేను వెళ్ళాను. రీల్స్‌లోకి నేను వెళ్ళలేదు, అవి లాక్కెళ్ళాయి. నడిచి వచ్చాక ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పగలను. గంట స్క్రోల్ చేశాక ఏం చూశానో చెప్పలేను. విశ్రాంతిని కూడా ఎంచుకుని తీసుకుంటే ఒంటికి పడుతుంది. దగ్గరివాళ్ళకి బాగాలేనప్పుడు, ఆఫీసులో ఒత్తిడి ఎక్కువైనప్పుడు నెలల తరబడి ఏ పనీ పెట్టుకోకపోయినా తప్పులేదు. మళ్ళీ ఎత్తుకోగలిగే పని అయితే అది అక్కడే ఉంటుంది.

మొదలుపెట్టాలనుకుంటే

నా అనుభవంలో పనికొచ్చినవి కొన్ని చెబుతాను. ఒక్క పనే పెట్టుకోండి. గిటారు, జర్మన్, గేట్, జిమ్ అన్నీ ఒకే సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి అన్నీ ఆగుతాయి. ఆ పనిని ఇరవై నిమిషాల్లో ముగిసే ముక్కలుగా చేయగలరా చూడండి. చేయలేకపోతే అది ఆదివారం పని, సాయంత్రం పని కాదు. నవల ఆలోచించడం ఆదివారం పని. నిన్న రాసిన పేజీని సాపు రాయడం సాయంత్రం పని.

ఈ రోజు ఆపేటప్పుడే రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క ముక్క రాసి పెట్టుకోండి. అలసిపోయి వచ్చిన మనిషికి కష్టమైనది పని కాదు, "ఇప్పుడేం చేయాలి" అని తేల్చుకోవడం. ప్రయాణ సమయాన్ని వేరే పనికి వాడుకోండి. నిలబడి రాయలేం, కానీ చదవొచ్చు, వినొచ్చు. దిల్‌సుఖ్‌నగర్ దాటాక నాకు సీటు దొరికితే ఆ నాలుగు నిమిషాలు కూడా పుస్తకానివే.

అన్నిటికంటే ముఖ్యం, ఎదురుచూసే మనిషిని ముందే చూసి పెట్టుకోండి. ఇది కాలేజీలో ఉండగానే చేయగలిగిన పని. నాదొక ప్రతిపాదన. ఈ ఏడాది పాసౌట్ అయ్యే బ్యాచ్, క్లబ్బులో మిగిలే జూనియర్లు కలిసి హక్కులు తీరిన ఒక తెలుగు పుస్తకాన్ని వికీసోర్స్‌లో ఎంచుకోండి. ఉద్యోగాల్లోకి వెళ్ళేవాళ్ళు తలా వారానికి మూడు పేజీలు దిద్దాలి. ఆ పేజీలని ఇక్కడి జూనియర్లు మళ్ళీ చూసి ఆకుపచ్చ చేయాలి. పదిమంది సీనియర్లుంటే వారానికి 30 పేజీలు. 300 పేజీల పుస్తకం పది వారాల్లో పసుపు అయిపోతుంది. సీనియర్ ఒక వారం పేజీలు దిద్దకపోతే జూనియర్‌కి పని ఉండదు, అడుగుతాడు. "అన్నా, ఈ వారం పేజీలు రాలే?" అని వచ్చే ఆ ఒక్క మెసేజ్ పది మోటివేషన్ వీడియోల పని చేస్తుంది.

నేను చేరడానికి సిద్ధం. మొదటి మూడు పేజీలు నా పేరున రాసుకోండి. పుస్తకం ఏదన్నది మీరు తేల్చి, వచ్చే సంచికలో ప్రకటించండి.